ఇంట్లో కరెంటు, గ్యాస్ ఆదా: తరచుగా అడిగే ప్రశ్నలు

కరెంటు బిల్లు తగ్గాలి, మన ఇంటి వల్ల గాలిలో కలిసే కార్బన్ కూడా తగ్గాలి అనుకునేవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. లెక్కలన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని మామూలు ఇంటిని దృష్టిలో పెట్టుకుని వేసినవే. మన ఇళ్లలో కరెంటును ఎక్కువగా తినేవి మూడు రకాలు: చల్లబరిచేవి, వేడిచేసేవి, గంటల తరబడి తిరిగేవి. ముందు వాటి సంగతి చూసుకుంటే తేడా బిల్లులోనే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

యూనిట్ అంటే అసలు ఎంత? ఒక యూనిట్ వాడితే ఎంత కార్బన్ వెలువడుతుంది?

వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. వంద వాట్లదైతే పది గంటలకు ఒక యూనిట్. వస్తువు మీద రాసి ఉన్న వాట్లను రోజుకు వాడే గంటలతో గుణించి, వెయ్యితో భాగించండి. ఈ ఒక్క లెక్క వస్తే ఇంట్లో ఏది ఎంత తింటోందో ఎవరినీ అడగనక్కర్లేదు.

దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోంది. మనకైతే రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి థర్మల్ కేంద్రాల పేర్లు తెలిసినవే. జల, సౌర, పవన, అణు విద్యుత్తు అన్నీ కలిపి సగటు తీస్తే ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. తయారైన కరెంటు మన మీటర్ దాకా వచ్చేలోపు తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత పోతుంది. కాబట్టి ఇంట్లో ఒక యూనిట్ మిగిలిస్తే, తయారయ్యే చోట ఒకటి కంటే ఎక్కువే మిగులుతుంది.

కరెంటు, గ్యాస్, బండి పెట్రోలు. మూడింటిలో దేని వాటా ఎక్కువ?

నెలకు 200 యూనిట్లు వాడే ఇల్లు అనుకుందాం. కరెంటు వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్ 140 కిలోలు. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ మొత్తం మండితే దాదాపు 42 కిలోలు వస్తుంది. సిలిండర్ నెలన్నర వస్తే నెలకు 28 కిలోలు. లీటరు పెట్రోలుకు సుమారు 2.3 కిలోలు, అంటే నెలకు 20 లీటర్లు పోయించుకునే బండికి 46 కిలోలు. చాలా ఇళ్లలో కరెంటుదే పెద్ద వాటా. ఏసీ ఉన్న ఇంట్లో ఎండాకాలం ఇది ఇంకా పెరుగుతుంది. కారులో రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్ల లెక్క మాత్రం వేరుగా ఉంటుంది. వాళ్లు ముందు పెట్రోలు సంగతే చూసుకోవాలి.

పది, ఇరవై యూనిట్లు తగ్గిస్తే బిల్లులో ఏం తేడా వస్తుంది?

మీరు ఏ స్లాబులో, అంటే యూనిట్ల లెక్కను బట్టి రేటు మారే ఏ మెట్టులో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. తెలంగాణలో 2022-23లో ఖరారైన రేట్లతో చూద్దాం. నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు యూనిట్ 3.40 చొప్పున, తర్వాతి వందకు 4.80 చొప్పున మొత్తం 820 రూపాయలు. అదే 201 అయితే మీ కేటగిరీయే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున పడుతుంది, ఆ పైన ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల పైమాట! ఫిక్స్‌డ్ చార్జీలు, ఇతర చార్జీలు వేరే. వంద యూనిట్ల దగ్గర కూడా ఇలాంటి మెట్టే ఉంది. 100 యూనిట్లకు 252.50 పడితే, 101కి 344.80.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి స్లాబులు ఇలా ఎగరవు. 30 యూనిట్ల వరకు 1.90, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆ పైన 9.75. దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు, కింది యూనిట్లకు పాత రేటే. అయినా 225 దాటాక మిగిలించే ప్రతి యూనిట్‌కూ దాదాపు తొమ్మిది రూపాయలు మిగులుతాయి.

నెల మధ్యలో ఒకసారి మీటర్ దగ్గరికి వెళ్లి రీడింగ్ చూసుకోండి. బిల్లు చేతికి వచ్చాక చూస్తే అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు.

మాకు తెలంగాణ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోంది. ఆదా చేయడం మాకు అవసరమా?

అవసరమే. 200 యూనిట్ల లోపు ఉన్నంతవరకే జీరో బిల్లు. దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో కూలర్, ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరిగే ఇళ్లలో ఈ గీత దాటడం పెద్ద విషయం కాదు. ఇక బిల్లు ఎవరు కట్టినా బొగ్గు మాత్రం మండుతూనే ఉంటుంది, ఆ వేడి తిరిగి మన ఎండాకాలాల్లోకే వస్తుంది.

ఫ్యాన్లు మార్చడం నిజంగా లాభమా? పాతవి బాగానే తిరుగుతున్నాయి కదా.

నన్ను అడిగితే మన ఇళ్లకు ఇంతకంటే లాభమైన ఖర్చు లేదు. పాత సీలింగ్ ఫ్యాన్ 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారు ఉన్న కొత్త ఫ్యాన్ అదే గాలికి 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్ లెక్క వేయండి. పాతది నెలకు దాదాపు 34 యూనిట్లు, కొత్తది 13 లేదా 14. ఒక్క ఫ్యాన్ మీద 20 యూనిట్లు, 14 కిలోల కార్బన్.

మూడు ఫ్యాన్లు మార్చి నెలకు 240 యూనిట్ల నుంచి 180కి వచ్చిన ఇంటిని చూడండి. పై తెలంగాణ రేట్లతో 1,328 రూపాయలు కాస్తా 724 అవుతుంది. ఆంధ్రప్రదేశ్ రేట్లతో 1,148 నుంచి 747కి దిగుతుంది. చలికాలం ఫ్యాన్లు అంతగా వాడం కాబట్టి ఏడాది పొడవునా ఇంతే మిగలదు. అయినా ఫ్యాన్ ధర రెండు మూడేళ్లలో తిరిగి వచ్చేస్తుంది.

మూడూ ఒకేసారి కొనక్కర్లేదు. ఎక్కువసేపు తిరిగేది ఏదో చూసి, దాంతో మొదలుపెట్టండి. సాధారణంగా అది హాల్లోదో, పెద్దవాళ్లు పడుకునే గదిలోదో అవుతుంది. చుట్టాలు వచ్చినప్పుడే వేసే గది ఫ్యాన్ మారిస్తే ఏమీ మిగలదు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్, అంటే కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో నక్షత్రాలతో చూపే చీటీ, తప్పనిసరి చేశారు. డబ్బా మీద చూసి తీసుకోండి.

పాత ఫ్యాన్‌నే ఉంచుకుంటే కనీసం పెద్ద గుండ్రటి రెగ్యులేటర్ తీసి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టించండి. పాత రకంలో వేగం తగ్గించినప్పుడు మిగలాల్సిన కరెంటులో చాలా భాగం రెగ్యులేటర్‌లోనే వేడిగా పోతుంది. ముట్టుకుంటే తెలుస్తుంది.

ఏసీ ఎంతలో పెట్టాలి?

26లో పెట్టి, పైన ఫ్యాన్ తక్కువ స్పీడులో తిప్పండి. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా నిబంధన తెచ్చింది కూడా అందుకే. టన్నున్నర ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే గదిని, ఎండను బట్టి 6 నుంచి 10 యూనిట్లు తీసుకుంటుంది. 22 నుంచి 26కి మారిస్తే అందులో ఐదో వంతుకు పైగా తగ్గుతుంది.

18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందనుకుంటారు చాలామంది. మామూలు (ఇన్వర్టర్ కాని) ఏసీలో కంప్రెసర్ ఏ నంబర్‌లో పెట్టినా ఒకే బలంతో పనిచేస్తుంది. 18లో పెడితే అది ఆగకుండా నడుస్తుంది, అంతే. తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాల్సి వస్తుంటే మీరు పెట్టిన నంబర్ తక్కువని అర్థం.

ఫిల్టర్ నెలకు రెండుసార్లు తీసి కడగండి. పడమటి కిటికీకి బయటివైపు నుంచి నీడ కల్పించండి. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ వేస్తే ఆపేది తక్కువ.

మెకానిక్ ఏటా ఏసీలో గ్యాస్ నింపాలంటున్నాడు. నిజంగా అవసరమా?

ఈ ప్రశ్న ఎవరూ కార్బన్‌తో కలిపి అడగరు కానీ, అడగాల్సిన ప్రశ్న. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ నింపితే వచ్చే ఏడాదికి అదీ గాలిలోకే పోతుంది.

ఆ పోయేది మామూలు గాలి కాదు. ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో లీకైతే దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ చేసే చేటుతో సమానం. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 కిలోకు సుమారు 675 కిలోలు. ఆర్-290 అంటే ప్రొపేన్, దాని ప్రభావం చాలా చాలా తక్కువ. ఫ్యాన్ మార్చి నెలకు 14 కిలోలు మిగిల్చిన కష్టమంతా ఒక లీకుతో కొట్టుకుపోగలదు. కాబట్టి ముందు లీకు ఎక్కడుందో చూపించమని, దాన్ని అతికించాకే గ్యాస్ నింపమని గట్టిగా అడగండి. ఇల్లు మారేటప్పుడు ఏసీ విప్పితే, గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూయడం తెలిసిన మనిషినే పిలవండి. పైపు విప్పి బుస్సుమని వదిలేసేవాళ్లు ఉన్నారు.

ఏసీ బదులు కూలర్ సరిపోతుందా?

మీ ఊరిని బట్టి. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది, అందుకు గాలి పొడిగా ఉండాలి. కర్నూలు, అనంతపురం, నిజామాబాద్, ఆదిలాబాద్, హైదరాబాద్‌లలో ఏప్రిల్, మే నెలల్లో చక్కగా పనిచేస్తుంది. 150 నుంచి 200 వాట్లతో సరిపోతుంది, ఏసీలో ఇది చిన్న భాగం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో గాలిలో ఎప్పుడూ తేమే కాబట్టి అక్కడ కూలర్ వేస్తే ఉక్కపోత పెరుగుతుంది. కూలర్ వేసినప్పుడు కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి. తలుపులన్నీ బిడాయిస్తే పొడి ఊళ్లోనూ పనిచేయదు.

పై అంతస్తు ఇల్లు కొలిమిలా ఉంటోంది. ఏం చేయాలి?

డాబాకు తెల్ల రంగు వేయించండి. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, స్లాబు అంతగా కాగదు, రాత్రి ఆ వేడి కిందికి దిగదు. లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గడం మామూలే. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఖరీదైన పూత కొనలేకపోతే సున్నం కొట్టించినా మేలే. వానకు పోతుంది కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి, మార్చిలో వేయాలి. రంగు మీద దుమ్ము పేరుకుంటే పని తగ్గుతుంది, అప్పుడప్పుడు కడగండి. ఏసీ కొనే ముందు ఈ పని చేసి చూడమని పై అంతస్తులో ఉండే ప్రతి ఒక్కరికీ చెబుతాను. ఆ తర్వాత ఏసీ కొన్నా తక్కువ నడుస్తుంది.

గీజర్ మీద ఎంత ఆదా చేయవచ్చు?

20 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి దాదాపు 0.35 యూనిట్ కావాలి. నలుగురికి రోజుకు 1.4 యూనిట్లు, నెలకు 42. ఇది తప్పనిసరి భాగం, ఏ కంపెనీ గీజర్ అయినా ఇందులో తగ్గించలేదు. దీని పైన పడేదంతా మన అలవాటు. షవర్ కింద నిలబడితే పది నిమిషాల్లో నాలుగైదు బకెట్లు అయిపోతాయి. గీజర్ వేసి మర్చిపోతే కాగిన నీళ్లు చల్లారడం, మళ్లీ కాగడం సాగుతూనే ఉంటుంది.

స్నానానికి పది, పదిహేను నిమిషాల ముందు వేసి, ఇంట్లోవాళ్లు ఒకరి తర్వాత ఒకరు స్నానాలు చేసి ఆపేయడం మంచి పద్ధతి. నీళ్లు ఎంత వేడికి ఆగాలో నిర్ణయించే థర్మోస్టాట్‌ను 50 డిగ్రీల దగ్గర పెట్టండి. 70 డిగ్రీలకు కాచి అందులో చన్నీళ్లు కలుపుకుంటే, ట్యాంకులో మిగిలిన వేడి నీళ్లు ఊరికే చల్లారిపోతాయి. ఎండాకాలం డాబా మీది ట్యాంకు నీళ్లే మధ్యాహ్నానికి కాగి ఉంటాయి, మార్చి నుంచి గీజర్ ప్లగ్ తీసేయవచ్చు. సొంత ఇల్లు, ఎండ తగిలే డాబా ఉంటే సోలార్ వాటర్ హీటర్ గురించి తప్పకుండా ఆలోచించండి.

ఫ్రిజ్‌ను రాత్రి ఆపేస్తే ఆదా అవుతుందా?

కాదు. పొద్దున మళ్లీ చల్లబరచడానికి ఆ కరెంటు చాలావరకు తీసుకుంటుంది, పైగా పాలు, పెరుగు పాడవుతాయి. దాని బదులు గోడకు అరచేతి వెడల్పంత దూరం జరపండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్పించాలి. డీప్‌ఫ్రీజర్‌లో ఐసు గడ్డకట్టనివ్వకండి. వేడి వేడి పప్పు గిన్నె అలాగే లోపల పెట్టకండి. పాత ఫ్రిజ్‌ను కూల్‌డ్రింకుల కోసం మేడ మీద ఉంచుకునే ఇళ్లు చూస్తుంటాను. పండగకు తప్ప దాన్ని ఆపేసి ఉంచడమే మేలు.

కార్బన్ తగ్గాలంటే గ్యాస్ మానేసి ఇండక్షన్ స్టవ్‌కు మారాలా?

నిజాయితీగా లెక్క వేద్దాం. ఒక సిలిండర్‌లో దాదాపు 180 యూనిట్లకు సమానమైన వేడి ఉంటుంది. మంటలో గిన్నెకు చేరేది 60 శాతం అనుకుంటే 110 యూనిట్లు. ఇండక్షన్‌లో 85 శాతం గిన్నెకు చేరుతుంది కాబట్టి అదే వంటకు దాదాపు 130 యూనిట్ల కరెంటు చాలు. ఆ 130కి బొగ్గు ఎక్కువున్న మన గ్రిడ్ (కరెంటు సరఫరా వ్యవస్థ) లెక్కన 90 కిలోల కార్బన్. సిలిండర్ మండితే 42. అంటే వంటింటి వరకే చూస్తే ఇవాళ గ్యాసే నయం.

డాబా మీద సోలార్ ఉండి, పగటిపూట వండుకునేవాళ్లకు ఇండక్షన్ మంచిది. గాలి ఆడని చిన్న వంటింటికి కూడా మంచిదే, ఎందుకంటే మంట ఉండదు, దాని పొగలు ఉండవు. గ్రిడ్‌లో సోలార్, గాలిమరల వాటా పెరిగే కొద్దీ ఈ లెక్క మారుతుంది. ఇంకా కట్టెల పొయ్యి మీద వండుతున్న ఇంట్లో మాత్రం ముందు ఆ పొగ నుంచి ఆడవాళ్లను, పిల్లలను బయటపడేయాలి. దానికి గ్యాస్ అయినా సరే, ఇండక్షన్ అయినా సరే.

సిలిండర్ మరో వారం రావాలంటే?

కందిపప్పు, శనగలు, రాజ్మా నానబెట్టి ఉడికించండి. బియ్యం కూడా అరగంట నానితే తొందరగా ఉడుకుతాయి. కుక్కర్ మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టండి, ఆ తర్వాత పెద్ద మంట వల్ల ఆవిరి బయటికి పోవడం తప్ప ఇంకేమీ జరగదు. కుక్కర్‌లో పప్పు, అన్నం, కూర గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టే అలవాటు ఉన్నవాళ్లు అది మానకండి. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు రాకూడదు. నీలంగా కాక పసుపుగా వస్తుంటే బర్నర్ రంధ్రాలు పిన్నుతో శుభ్రం చేయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు, కూరలు కాసేపు బయట ఉంచి పొయ్యి మీద పెట్టండి.

ఫోన్ చార్జర్ ప్లగ్‌లోనే ఉంచితే చాలా కరెంటు పోతుందట?

పోదు. ఫోన్ రోజూ చార్జ్ చేసినా నెలకు అర యూనిట్ దాటదు. ఖాళీ చార్జర్ తీసుకునేది అంతకంటే తక్కువ. చూడాల్సింది సెట్‌టాప్ బాక్స్. టీవీ ఆపినా అది పది వాట్ల చొప్పున తింటూ ఉంటే నెలకు ఏడు యూనిట్లు. రిమోట్‌తో ఆపడం చాలదు, స్విచ్ కట్టేయాలి.

బల్బులు?

2015లో మొదలైన ఉజాలా పథకం వల్ల చాలా ఇళ్లలో ఎల్‌ఈడీలు వచ్చేశాయి. ఇంకా చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లు, దేవుడి గదిలో, మెట్ల దగ్గర పాత బల్బులు మిగిలి ఉంటాయి. అవి మార్చేస్తే ఈ పని ముగిసినట్టే.

నీళ్లు ఆదా చేస్తే కరెంటు ఎలా మిగులుతుంది?

హైదరాబాద్‌కు కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, ఎత్తుకు పంపులతో తోడితే వస్తాయి. తర్వాత అపార్ట్‌మెంట్ సంపు నుంచి పై ట్యాంకుకు మళ్లీ మోటారు. ఒక హెచ్‌పీ మోటారు అంటే 746 వాట్లు, నడిచేటప్పుడు అంతకంటే కొంచెం ఎక్కువే లాగుతుంది. ట్యాంకు నిండి పొర్లుతుంటే నీళ్లూ కరెంటూ రెండూ పోతున్నట్టే. నిండగానే మోటారు ఆగిపోయే సెన్సార్ పెద్ద ఖర్చేమీ కాదు. ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లను బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడండి.

ఏ సమయంలో వాడితే మంచిదన్న తేడా ఉంటుందా?

ఉంటుంది. పగలు పది నుంచి నాలుగు వరకు గ్రిడ్‌లో సోలార్ కరెంటు బాగా ఉంటుంది. పొద్దు గుంకాక అది సున్నా, అదే సమయానికి ఇళ్లన్నీ ఒకేసారి వాడకం మొదలుపెడతాయి, భారం బొగ్గు మీద పడుతుంది. వాషింగ్ మెషీన్, మోటారు, ఇస్త్రీ, పిండి రుబ్బడం పగటికి మార్చుకోండి. మామూలు ఇంటి మీటర్‌లో రేటు తగ్గదు కానీ, కార్బన్ తగ్గుతుంది. పగలు ఉతికితే ఎండలో ఆరేయవచ్చు కూడా.

డాబా మీద సోలార్ పెట్టించుకోవాలా?

మీ నెల వాడకం 200 దాటుతుంటే, నీడ పడని డాబా ఉంటే, పెట్టించుకోండి. ఒక కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగులు కావాలి. మన ఎండకు అది రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున ఇస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. మూడు కిలోవాట్లతో నెలకు 300 యూనిట్ల పైనే వస్తుంది, అంటే 200 కిలోలకు మించి కార్బన్ తగ్గుతుంది.

ఒక విషయం ముందే తెలుసుకోండి. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపే ఆన్‌గ్రిడ్ సోలార్, లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, ఎంత ఎండ ఉన్నా సరే. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా అలా తయారుచేశారు. ఇది తెలియక పెట్టించుకున్నాక బాధపడేవాళ్లు ఉన్నారు. వాడకం తగ్గించాకే సైజు నిర్ణయించుకోండి, పాత ఫ్యాన్లతో నాలుగు కిలోవాట్లు అవసరమైన ఇంటికి కొత్త ఫ్యాన్లతో మూడు చాలవచ్చు.

స్టార్ లేబుల్‌లో ఏం చూడాలి?

నక్షత్రాలు ఎన్ని ఉన్నాయో చూశాక, కింద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని ఉందో చూడండి. రెండు మోడళ్ల మధ్య పోల్చడానికి ఆ అంకే అసలైనది. ఏసీ లేబుల్‌లోని అంకె ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసింది. లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా చూడండి. ప్రమాణాలు పెంచుతూ ఉంటారు కాబట్టి, గోడౌన్‌లో మిగిలిన పాత ఫైవ్ స్టార్ మోడల్ కొత్త లెక్కలో ఫోర్ స్టార్ కావచ్చు. డిస్కౌంట్ ఎందుకు ఇస్తున్నారో అక్కడ తెలుస్తుంది.

మేం అద్దె ఇంట్లో ఉంటాం. ఇవన్నీ మా వల్ల అవుతాయా?

డాబా రంగు, సోలార్ ఇంటి ఓనరు గారి చేతిలో ఉంటాయి. సున్నం ఖర్చు సగం మేం పెట్టుకుంటామంటే ఒప్పుకునే ఓనర్లు ఉంటారు, అడిగి చూడండి. ఫ్యాన్లు, బల్బులు మీవి. ఓనరు పెట్టిన పాత ఫ్యాన్ విప్పి అటక మీద పెట్టి, మీది బిగించుకోండి. ఖాళీ చేసేటప్పుడు పాతది మళ్లీ బిగించి మీది మీతో తీసుకెళ్లవచ్చు. ఎలక్ట్రీషియన్‌కు అరగంట పని. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడే రెండు విషయాలు గమనించండి: పడకగది పడమటి వైపు ఉందా, మీకు సొంత మీటర్ ఉందా. నాలుగు వాటాలకు ఒకే మీటర్ ఉంటే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులో పడతాయి, మీరు ఎంత పొదుపుగా వాడినా ఆ రేటే కట్టాల్సి వస్తుంది. అలాంటి ఇల్లయితే అద్దె మాట్లాడేటప్పుడే విడి మీటర్ పెట్టించమని అడగండి.